హిందీలో చెప్పని సగం మాట

ఒక మాట నా గొంతులో పదేండ్లకు పైగా ఇరుక్కుని ఉండె. పెద్ద మాటేం కాదు. బస్సులో పక్క సీటామెకు చెప్పినంత సేపట్లో చెప్పేయొచ్చు. చెప్పలేదు. అన్నం తింటుంటే అది అక్కడే ఉండేది. వార్డులో ఎవరినన్నా కసురుకుంటుంటే అక్కడే ఉండేది. ఈ మధ్య కసురుడు కూడా ఎక్కువైంది. మా ఆయన అంటడు, బీపీ చూపిచ్చుకోరాదు అని. బీపీ కాదు, నా తలకాయ. ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెలియదు గనక, నేనెవరో మీకు తెలియదు గనక.

నేను నర్సును. బస్తర్‌కు కింది కొసన, తెలంగాణ సరిహద్దు గట్టుకు దగ్గర్లో ఒక సర్కారు ఆసుపత్రిలో చేస్తున్న. నా పేరు చెప్పను, ఆసుపత్రి పేరు చెప్పను. భయం అనుకోండి, మీ ఇష్టం. పేరు చెప్తే అందరూ నా మీద పడి అసలు సంగతి పక్కకు పోతది అని కూడా ఒక సాకు పెట్టుకున్న. రెండిట్లో ఏది నిజమో నాకే తెలియదు.

మా ఇంట్లో తెలుగు. ఆసుపత్రి ఆఫీసులో హిందీ. వార్డులో దోర్లి, కొంచెం గోండి. అంగడికి పోతే ఎవరు ఎదురుపడితే వాళ్ళ మాట. ఇక్కడ ఇది గొప్పేం కాదు, కూరగాయలమ్మే ముసలామె కూడా నాలుగు మాట్లాడతది. కానీ డాక్టర్లకు హిందీ తప్ప రాదు. లోపలి ఊర్ల నుంచి వచ్చేటోళ్ళకు హిందీ రాదు. మధ్యలో నేను. "సిస్టర్, పూఛో" అంటరు డాక్టర్లు. నేను అడుగుత. వాళ్ళు చెప్తరు. నేను హిందీలో తిప్పి చెప్త. అది నా పని అని ఎక్కడా లేదు, అయినా నాదే. ఒక్కోసారి అనిపించేది, నాకు గొంతు నొప్పి వస్తే ఈ ఆసుపత్రి మూసుకోవాల్సిందే అని. గర్వంగా కూడా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలె.

మా దగ్గర ఒక అలవాటుంది. పేషెంటుకు ఏదన్నా తేడా కొట్టిందనుకోండి. ఒంటి నిండా దద్దుర్లు లేచినయ్, లేకపోతే మూర్ఛ వచ్చింది, ఏదైనా సరే. డాక్టరు నోట్లో నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. జడీబూటీ క్యా దియా? ఆకు మందు, వేరు మందు ఏమన్నా తాగిచ్చిన్రా? నాకు ఒళ్ళు మండుతది ఈ ప్రశ్న వింటే. తాగియ్యనోడెవడు ఇక్కడ? మా దగ్గరికి రావాలంటే వాగు దాటాలె, జీపు దొరకాలె, వాన పడితే అదీ లేదు. అప్పటిదాకా జరం తోటి మండిపోతున్న పిల్లోడిని చూస్కుంట ఊకె కూసుంటరా? ఊళ్ళో తెలిసినామె ఏదో వేరు నూరి ఇస్తది, తాగిస్తరు. కాబట్టి జవాబు ఎప్పుడూ అవును. అవును అన్నరంటే కథ అక్కడితో అయిపోయినట్టే. మేం ఎక్కించిన సెలైన్ ఏంది, పొడిచిన సూది ఏంది, మింగించిన బిళ్ళ ఏంది అని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. సర్కారు మందు వికటించడం అనేది మా ఆసుపత్రి పుట్టినకాడికెల్లి ఒక్కసారి కూడా జరగలేదు. నమ్మండి. ఎవరన్నా రాసి పంపితే గదా జరిగినట్టు.

ట్రైనింగులు ఇస్తరు, ఇయ్యరని కాదు. ఒక హాలు, ఒక తెర, తెర మీద ఇంగ్లీషు, మధ్యలో చాయ్ సమోసా. మందు పడకపోతే ఈ కాగితం నింపి పంపాలె అని చూపిస్తరు. మేం తల ఊపుతం. ఆ కాగితాలు కూడా వచ్చినయ్. బీరువాలో ఉన్నయ్. బీరువా తాళం ఫార్మసిస్టు దగ్గర ఉన్నది. ఫార్మసిస్టు సెలవు మీద ఉన్నడు. ఏం చెప్పాలె మీకు, నెత్తి కొట్టుకోవాలె.

చూసిన్రా? ఆసుపత్రిని తిట్టమంటే ఎంత మంచిగ వస్తదో నాకు మాట. ఇన్నేండ్లు ఇదే చేసిన. పరీక్ష కిట్లు లేవు, రోడ్డు లేదు, రక్తం లేదు, డాక్టర్లకు భాష రాదు. అన్నీ నిజమే. ఆ నిజాల వెనక నేను దాక్కున్న. ఇప్పుడు బయటికి వస్తున్న.

జోగయ్య అని ఒక పిల్లోడు. పిల్లోడు అంటే ఇరవై దాటినోడే, మీసం వచ్చింది. మరైగూడ దిక్కు లోపలి ఊరు. వానాకాలంలో జరం తోటి వచ్చిండు, వెంట వాళ్ళమ్మ కన్నమ్మ. రక్తం చూస్తే మలేరియా. మాకు మలేరియా అంటే జలుబు లెక్క, ఎవరూ కంగారు పడరు. మందులు మొదలుపెట్టినం, జరం దిగింది. దిగినంక కూడా ఇంకో బిళ్ళ ఉంటది, ప్రైమాక్విన్ అని. ఈ రకం మలేరియా పురుగు కాలేయంలో దాక్కుని మళ్ళీ లేస్తది, అది లేవకుండా రెండు వారాలు రోజూ మింగాలె. ఇంటికి పంపితే మింగడు, పైగా వాగు పొంగి దారి బందైంది, అందుకని డాక్టరు వార్డులోనే ఉంచిండు.

మంచి హుషారు మనిషి. నన్ను "బిళ్ళలక్కా" అని పిలిచేటోడు. వార్డంతా నవ్వేది. ప్రతి ఎండాకాలం గట్టు దాటి తెలంగాణలో మిరపకాయ ఏరడానికి పోయేటోడంట, అక్కడ మామిడికాయ తొక్కు మరిగిండు. "బిళ్ళలక్కా, ఆసుపత్రి పప్పు గొంతు దిగుతలేదు, మీ ఇంట్లో తొక్కు లేదా?" అనేటోడు. తెచ్చిచ్చిన. ఎందుకు చెప్తున్నానంటే, వాడంటే నాకు కోపం లేకుండె. ఎవరి మీదనో కోపం వాడి మీద తీసిన.

ఆ ప్రైమాక్విన్ బిళ్ళతో ఒక తిరకాసు ఉన్నది. కొందరి రక్తంలో పుట్టుకతోనే ఒక పదార్థం తక్కువ ఉంటది. అట్లాంటోళ్ళు ఈ బిళ్ళ మింగితే ఎర్రరక్తం లోపల్లోపలే పగిలిపోయి ఉచ్చలో పోతది. ఉచ్చ నల్లగ, చాయ్ డికాషన్ లెక్క వస్తది. అట్ల వస్తే బిళ్ళ వెంటనే ఆపాలె. ఆ లోపం తల్లి దగ్గర్నించి కొడుకులకు దిగుతది. మా దిక్కు జనంలో ఇది కొంచెం ఎక్కువే. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. అన్ని ట్రైనింగుల్లో నాకు మంచిగ అర్థమైంది ఇదొక్కటే. తెలియక చేసిన అని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

జోగయ్యకు ఆ బిళ్ళ మొదలుపెట్టిన కొన్ని రోజులకు, ఒక పొద్దున వార్డు వెనక కాలువలో బిళ్ళలు కనపడ్డయ్. ఎవరో కిటికీలో నుంచి పారేసిన్రు. ఎవరో కాదు, చాలామంది. మంచానికి ఇద్దరు ముగ్గురు పడుకుంటున్న రోజులు, నిలబడటానికి జాగా లేదు, నేను పొద్దటి నుంచి అరిచి అరిచి ఉన్న. మేమేమన్నా విషం ఇస్తున్నమా అని నాకు మండింది. నీళ్ళ బకెట్ పట్టుకుని ఒక్కొక్కడి ముందు నిలబడి మింగిచ్చిన, నోరు తెరిపిచ్చి నాలిక కింద కూడా చూసిన. జోగయ్య దగ్గరికి వచ్చిన. వాడు చెయ్యి అడ్డం పెట్టిండు. ఈ బిళ్ళ వద్దక్కా, ఉచ్చ నల్లగ పోతంది అన్నడు. మెల్లగ చెప్పిండు, ఆడమనిషి ముందు ఆ మాట అనడానికి సిగ్గుపడి.

విన్న. మంచిగనే విన్న. విని ఏమన్న? నీళ్ళు తాగవు గనక అట్ల పోతంది, సాకులు చెప్పకు, మింగు అన్న. వాడు ఇంకేదో అనబోయిండు. నేను కదలలేదు. మింగిండు. నోరు తెరువు అన్న, తెరిచిండు. తెల్లారి కూడా అదే చేసిన. తెల్లారి వాడు ఏం అనలేదు. బిళ్ళలక్కా అని కూడా అనలేదు.

ఎందుకు చేసిన? ఇన్నేండ్లలో ఈ ప్రశ్న ఎన్ని తీర్ల తిప్పి అడుక్కున్ననో. పని ఎక్కువైంది అని ఒక జవాబు. అలసట అని ఒకటి. రెండూ నిజమే, రెండూ కావు. ఆ గడియలో నాకు వాడు పేషెంటులా కనపడలేదు, నా మాట విననోడిలా కనపడ్డడు. నేను గెలవాలె అనిపించింది. అంతే. ఒక బిళ్ళ దగ్గర, ఒక పిల్లోడి మీద గెలవాలె అనుకున్న. ఇది రాస్తుంటే సిగ్గు కంటే ఎక్కువ నా మీద నాకు మంట.

ఆ రెండో రోజు గడిచేసరికి వాడి కండ్లు పచ్చబడ్డయ్. అరచేతులు పాలిపోయినయ్. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ప్రైమాక్విన్ నేనే ఆపేసిన, ఎవరికీ చెప్పకుండ. డాక్టరును పిలిచిన. అప్పటి డాక్టరు పాపం చెడ్డోడు కాదు, ఉత్తరం దిక్కు నుంచి వచ్చినోడు, ఒక్కడే, వార్డు చూడాలె, కాన్పులు చూడాలె, కేసులు చూడాలె. చూడంగనే రక్తం ఎక్కియ్యాలె అన్నడు. మా దగ్గర రక్తం లేదు. పెద్దాసుపత్రికి పంపాలె. జీపుకు కబురు పెట్టిన్రు, వాగు దగ్గర నీళ్ళు తగ్గితే వస్తదన్నరు. ఆ ఎదురుచూపులో డాక్టరు జోగయ్య కనురెప్ప కిందికి లాగి చూస్కుంట నా దిక్కు తిరిగిండు.

"సిస్టర్, పూఛో. జడీబూటీ క్యా దియా?"

నేను కన్నమ్మను అడిగిన. "ఏం మందు తాగిచ్చినవమ్మా ఇంటికాడ?"

కన్నమ్మ కొడుకు కాళ్ళు రుద్దుకుంట చెప్పింది. "మా అక్క లచ్చవ్వ వేరు నూరి పోసింది. ఈడికి రాకముందు. అది తాగినంక మంచిగనే ఉండె గదా, నడిచి వచ్చె గదా. నీ బిళ్ళ మింగుడు పెట్టినంకనే ఉచ్చ నల్లగయ్యింది. నీకు చెప్పిండంట గదా వాడు."

డాక్టరు నా మొకం చూస్తుండు. దోర్లిలో ఒక్క ముక్క రాదు ఆయనకు. అంత పొడుగు మాట చెప్పింది ఆమె. నేను హిందీలో ఏం చెప్పిననో వినండి. "వేరు మందు తాగిచ్చిన్రంట సార్. వాళ్ళ పెద్దమ్మ ఇచ్చిందంట."

అంతే. అక్కడ ఆపేసిన. మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది.

డాక్టరు నిట్టూర్చిండు. "హో సక్తా హై" అన్నడు. కావొచ్చు అన్నడు, అంతే. అయినా నాకు భయం పోలేదు. ఈ తల్లి మళ్ళీ మళ్ళీ అదే మాట అంటే, హిందీ వచ్చినోడెవడన్నా వింటే? అందుకని ఆమె దిక్కు తిరిగి ఇంకోటి చెప్పిన. "మీ అక్క ఇచ్చిన మందు రక్తాన్ని ఇరిచేసిందంట. డాక్టరు చెప్తుండు." ఆయన చెప్పిన "కావొచ్చు" అనే మాటను నేను మింగేసిన. ఆ ఆడమనిషి నా దిక్కు చూసింది, డాక్టరు దిక్కు చూసింది. డాక్టరు ఏం అర్థం కాక తల ఊపిండు. ఆమె కాళ్ళు రుద్దుడు ఆపేసింది.

జీపు మధ్యాహ్నం దాటినంక వచ్చింది. ఎక్కిచ్చినం. దారిలోనే పోయిండు.

ఆ సగం మాట చెప్తే బతికేటోడా? అప్పటికే ఆలస్యమైంది, రక్తం లేదు, బతకకపోతుండె కావొచ్చు. బిళ్ళ ఆపాల్సిన పొద్దున ఆపితే బతికేటోడే అని నాకు గట్టిగ అనిపిస్తది. అది ఒక తప్పు, కోపంలో జరిగింది. రెండోది కోపంలో జరగలేదు. చల్లగ, ఆలోచించి, పూర్తి తెలివిలో ఉండి చేసిన. నా ఉద్యోగం పోవద్దని ఇంకో ఆడమనిషి నెత్తిన ఒక చావు పెట్టిన.

లచ్చవ్వను నేను అప్పటిదాకా చూడను కూడా చూడలేదు. కన్నమ్మకు పెద్దక్క. మొగుడు లేడు, బిడ్డకు పెండ్లయ్యి తెలంగాణ దిక్కు పోయింది. ఊళ్ళో ఎవరికి జరమొచ్చినా ఆమె దగ్గరికే పోయేటోళ్ళంట. తర్వాత ఏమైందో అంగడికొచ్చిన ఆడోళ్ళు చెప్తే తెలిసింది. డాక్టరే చెప్పిండు అన్న మాట కన్నమ్మ తోటి ఊరికి పోయింది. పెద్దమనుషులు కూసున్నరంట, ఇంక ఎవరికీ మందు ఇయ్యొద్దన్నరంట. ఆమె చేతి నీళ్ళు తాగుడు బంద్ చేసిన్రంట. పండుగకు పిలుపు లేదు, చావుకు పిలుపు లేదు. కన్నమ్మ సొంత అక్క మొకం మీద తలుపేసింది. ఒక ఎండాకాలం లచ్చవ్వ మిరపకాయ ఏరనీకి పోయేటోళ్ళ వెంబడి గట్టు దాటి పోయి, ఇంక తిరిగి రాలేదంట. ఇదంతా ఒకామె కాలి పుండుకు కట్టు కడుతుంటే విన్న. "అవునా" అన్న. కట్టు మంచిగ కట్టి పంపిన. "అవునా" అనడానికి నాకు నోరెట్ల వచ్చిందో.

చెప్పడానికి సందు దొరకలేదా? కుప్పలు. మళ్ళీ ఒక ట్రైనింగులో, ఈ బిళ్ళ గురించే చెప్పుకుంట ఒకాయన అడిగిండు, మీ దిక్కు ఇట్లాంటి కేసు ఎవరన్నా చూసిన్రా అని. నేను సమోసా తుంచుకుంట కూసున్న. కన్నమ్మ అంగడిలో ఇప్పపువ్వు, చింతపండు పెట్టుకుని కూసునేది. నేను ఆ వరుసకే పోయేదాన్ని కాదు. చింతపండు ఎక్కువ ధర పెట్టి షావుకారు దగ్గరే కొనేదాన్ని. మా ఆయన గొణిగేటోడు.

పోయిన వానలకు కన్నమ్మ మళ్ళీ వార్డుకు వచ్చింది. వెంట చిన్న కొడుకు ముత్తయ్య. అన్న పోయిననాడు చంకలో ఉన్న పిల్లోడు కాదు గానీ, లంగోటి పిల్లోడు. ఇప్పుడు అన్న ఎత్తు పెరిగిండు. అదే జరం, అదే రకం మలేరియా. ఇప్పటి డాక్టరమ్మ చిన్న వయసు, రాయ్‌పూర్ దిక్కు పిల్ల. రాసేసింది అదే బిళ్ళ. రక్తంలో ఆ లోపం ఉన్నదా లేదా చూసే కిట్లు ఈ మధ్య వస్తున్నయ్. వస్తున్నయ్ అంటే, ఒక నెల ఉంటయ్, ఒక నెల ఉండవ్, ఉన్న నెల ఎవరికీ గుర్తుండదు. నేను బిళ్ళలు చేతిలో పట్టుకుని నిలబడ్డ. ముత్తయ్య చెయ్యి చాపిండు. అడ్డం కూడా పెట్టలేదు, పాపం.

నా నోట్లో నుంచి మాట దానంతట అదే వచ్చింది. "మేడమ్, ఈ పిల్లోడికి ఇది వద్దు. వీళ్ళ అన్నకు దీంతోనే నల్ల ఉచ్చ పోయింది." డాక్టరమ్మ కిట్టు వెతికిచ్చింది. దొరికింది. పరీక్ష చేస్తే లోపం ఉన్నది. బిళ్ళ ఆపేసిన్రు. పిల్లోడు బతికిండు, దేవుడి దయ.

ఇంక చూడండి తమాషా. డాక్టరమ్మ వార్డు మధ్యలో నిలబడి, అందరినీ పిలిచి, సిస్టర్‌ను చూసి నేర్చుకోండి అన్నది. ఇన్నేండ్ల కింది కేసు గుర్తుపెట్టుకున్నది, మనిషి ప్రాణం కాపాడింది అన్నది. చప్పట్లు కొట్టిన్రు. నాకు చప్పట్లు! ఏం గుర్తుపెట్టుకున్న నేను? అది నన్ను మర్చిపోనియ్యలేదు గనక గుర్తుంది. ఆ చప్పట్లు తట్టుకోలేక డాక్టరమ్మ గదికి పోయి మొత్తం చెప్పిన. బిళ్ళ మింగిచ్చింది, సగం మాట ఆపింది, లచ్చవ్వ పేరు పెట్టింది, అన్నీ. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది. పాత సంగతి సిస్టర్, అప్పుడు కిట్లు లేవు గదా, మీరొక్కరేం చేస్తరు, వదిలేయండి అన్నది. చాయ్ తెప్పిచ్చింది. ఒప్పుకుందామని పోతే ఒప్పుకోనియ్యరు ఇక్కడ. అందరికీ అంత తొందర, అంత దయ. ఆ చాయ్ తాగకుండ లేచొచ్చిన.

కన్నమ్మ వరండాలో కూసోని ఉన్నది. పక్కన కూసున్న. దోర్లిలో చెప్పిన, ఏదీ దాచకుండ. జోగయ్యను చంపింది మీ అక్క వేరు కాదు, నా బిళ్ళ, నేను ఆపాల్సింది ఆపలేదు అన్న. డాక్టరు అట్ల అనలేదు, నేనే అన్న అని కూడా చెప్పిన. అరుస్తది అనుకున్న. కొడుతది అనుకున్న, కొడితే బాగుండు అనుకున్న.

"నేను ఆ రోజే చెప్పిన గదా" అన్నది.

అవును. ఆ రోజే చెప్పింది. ఆమెకు తెలిసిందే నేను ఇప్పుడు పదేండ్లకు తెచ్చి ఆమెకే చెప్తున్న. తన కండ్లతో చూసిందాన్ని పక్కకు పెట్టి, డాక్టరు మాట అని నేనిచ్చిన అబద్ధాన్ని నమ్మి, తోడబుట్టినదాన్ని ఇడిసిపెట్టుకున్నది. మళ్ళీ ఆమే అడిగింది, "మా అక్కకు చెప్పినవా?" లేదన్న.

"మరి ఈడ కూసున్నవేంది?"

సెలవు పెట్టిన, అది దొరికేసరికి మిరపకాయ ఏరే కాలమైంది. లచ్చవ్వ బిడ్డ దగ్గరే ఉంటదంటే, ఆ ఊరు కన్నమ్మను అడిగి తెలుసుకుని, పామేడు మీది నుంచి గట్టు దాటి పోయిన. కొంత జీపు, కొంత ఆటో, చివరికి నడక. దారి పొడుగునా మనసులో ఒక బొమ్మ గీసుకున్న, నిజానికి ఏండ్ల నుంచి గీసుకుంటున్నదే అది. లచ్చవ్వ ఎక్కడో కూసోని ఊరిని తిడుతుంటది, ఆసుపత్రిని శపిస్తుంటది, తన మందు మంచిదని తనకు తెలుసు గనక తల ఎత్తుకునే ఉంటది. ఊరంతా తప్పు పట్టినా ఆమెకైనా నిజం తెలుసు అనుకున్న. నాకు నిద్ర పట్టిన రాత్రులుంటే, ఆ ఒక్క ఊహ మీదనే పట్టింది.

కళ్ళంలో దొరికింది. ఎండబోసిన మిరపకాయల ముందు కూసోని, తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కకు వేస్తుంది. ఎండుకట్టె లెక్క ఉన్నది మనిషి. నేను ఎవరో చెప్పిన. నిలబడే మొత్తం చెప్పిన, ఘాటుకు తుమ్ములు వస్తుంటే ఆపి ఆపి చెప్పిన. ఆమె ఏరుడు ఆపలేదు. నేను అయిపోయింది అన్నంక ఆపింది.

"నా చేతి మందు కాదా?" అన్నది.

కాదవ్వా అన్న.

"చేదని మొకం తిప్పుకున్నడు వాడు. నేనే ముక్కు మూసి పోసిన" అన్నది. నా దిక్కు చూడకుండ, మిరపకాయలతో అన్నట్టు అన్నది. "ఇన్నేండ్లు నేనే సంపిన అనుకున్న. నా మనవడికి జరమొస్తే కూడా దగ్గరికి పోలేదు. దూరం కూసున్న."

ఊరు నమ్మింది, చెల్లె నమ్మింది, అది నాకు తెలుసు. ఆమె కూడా నమ్మింది. నేను వార్డులో నిలబడి ఆడిన ఒక్క అబద్ధాన్ని ఆమె తన చేతుల్లోకి తీసుకుని, ఆ చేతులను చూసి తానే భయపడుకుంట ఇన్నేండ్లు బతికింది. ఇది నాకు ఒక్కనాడు కూడా తట్టలేదు. అన్ని ప్రశ్నలు నన్ను నేను అడుక్కున్న గదా, ఈ ఒక్కటి అడగలేదు.

తప్పయిందవ్వా అన్న. ఆమె లేచి నిలబడింది, నడుం పట్టుకుని. కళ్ళం అవతల ఇంకో నలుగురు ఆడోళ్ళు కాయలు ఏరుతున్నరు, ఇంటి అరుగు మీద ఆమె బిడ్డ మనవడికి అన్నం తినిపిస్తుంది. అందరినీ ఇటు రమ్మని చేయూపింది. వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డరు. మనవడు కూడా వచ్చిండు, మూతికి అన్నం మెతుకులతోటి.

"చెప్పు" అన్నది. "నాకు చెప్పినట్టే చెప్పు. గట్టిగ చెప్పు."

చెప్పిన. అవతల కుప్ప దగ్గర ఇంకొకామె ఉండిపోయింది, చెవులు సరిగ వినపడవంట. ఆమెను కూడా పిలిపిచ్చింది. "మళ్ళా చెప్పు" అన్నది. మళ్ళా చెప్పిన, మొదటి నుంచి, ఇంకా గట్టిగ.